రెజ్యూమెలో రెండేళ్లు పెట్టనా అక్కా?

పోయిన ఆదివారం రాత్రి మా కాలేజీ జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. వాడు జర్మనీ వచ్చి ఏడాది కావస్తోంది. నేను చదివిన కెమ్నిట్స్‌లోనే మాస్టర్స్ చేస్తున్నాడు. రెండు సెమిస్టర్లు అయిపోయాయి, మూడో సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ చేయాలి. కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, గొంతు తగ్గించి అడిగాడు. "అక్కా, రెజ్యూమెలో రెండేళ్లు పెట్టమంటున్నారు అందరూ. పెట్టనా?"

ఏం పెట్టాలో వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. మనవాళ్ల మధ్య "పెట్టడం" అంటే ఒకటే అర్థం. హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో రెండేళ్లు పనిచేసినట్టు కాగితం మీద పెట్టడం. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ డబ్బులిస్తే దొరుకుతాయి. ఎక్కడ దొరుకుతాయో చెప్పేవాళ్లు ప్రతి వాట్సాప్ గ్రూపులో ఒకరైనా ఉంటారు.

ఆ రాత్రి "వద్దురా" అని మాత్రం చెప్పాను. ఎందుకు వద్దో సరిగ్గా చెప్పలేకపోయాను. తప్పు అంటే, అది వాడికి తెలియనిది కాదు. దొరికిపోతావు అంటే, దొరకనివాళ్లను నలుగురిని చూపిస్తాడు. వారం నుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను. నాకు అర్థమైనంతవరకూ అసలు నష్టం ఇంకోచోట ఉంది. ఇంటర్న్‌గా చేరిన మనిషి "నాకు తెలియదు" అంటే ఎవరూ ముఖం చిట్లించరు. ఆ వెసులుబాటు ఉద్యోగ జీవితంలో మళ్లీ అంత ధారాళంగా దొరకదు. రెండేళ్లు పెట్టినవాడు దాన్ని గుమ్మం బయటే వదిలేసి లోపలికి వెళ్తాడు.

వంద రీడింగులు

నా ఇంటర్న్‌షిప్ 2024 అక్టోబర్‌లో లైప్‌జిగ్‌లో మొదలైంది. ఆరు నెలలు. లైప్‌జిగ్‌లో యూరోపియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజ్ ఉంది, కరెంటు కొనడం అమ్మడం జరిగే పెద్ద మార్కెట్. నేను చేరింది కరెంటు లెక్కలకు సాఫ్ట్‌వేర్ రాసే ఒక చిన్న కంపెనీలో. ఫ్యాక్టరీలు, పెద్ద దుకాణాల మీటర్ల నుంచి రీడింగులు వస్తాయి. 15 నిమిషాలకు ఒకటి చొప్పున గంటకు నాలుగు, రోజుకు 96. మధ్యలో ఏమైనా తప్పిపోయాయేమో చూసి, రోజువారీ రిపోర్ట్ తయారుచేసే ప్రోగ్రామ్ రాయడం నా మొదటి పని.

రాశాను. నవంబర్ మొదటి వారంలో దాన్ని అక్టోబర్ నెల డేటా మీద నడిపాను. నెలంతా సరిగ్గానే ఉంది, 27వ తేదీకి మాత్రం వంద రీడింగులు వచ్చాయి. తీసి చూస్తే రాత్రి 2:00, 2:15, 2:30, 2:45, ఈ నాలుగూ రెండేసిసార్లు ఉన్నాయి. మీటర్ పొరపాటున రెండుసార్లు పంపిందనుకున్నాను. రెండోసారి వచ్చిన నాలుగింటినీ తీసేసేలా కోడ్ రాసి రివ్యూకి పెట్టాను. 96 వచ్చింది, టెస్టులన్నీ పాసయ్యాయి, తృప్తిగా రైలెక్కాను.

మర్నాడు పొద్దున మా మెంటర్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. "27వ తేదీన ఎన్ని గంటలు?" అని అడిగారు. ఇరవై నాలుగు అన్నాను. ఇరవై ఐదు అని బోర్డు మీద రాశారు. ఇక్కడ వేసవి కోసం ఒక గంట ముందుకు జరిపిన గడియారాన్ని అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకు మళ్లీ రెండుకు తిప్పుతారు. అంటే రెండింటి నుంచి మూడింటి వరకూ ఉండే గంట ఆ రాత్రి రెండుసార్లు వస్తుంది. నేను చెరిపేసిన నాలుగు రీడింగులూ నిజమైనవే. ఆ గంటలో ఫ్యాక్టరీ నిజంగా కరెంటు వాడింది. నా కోడ్ అలాగే వెళ్లి ఉంటే ప్రతి కస్టమర్‌కీ ఒక గంట లెక్క మాయమయ్యేది.

తెనాలిలో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంట్లో గడియారం ఆగిపోతే తప్ప దాని ముల్లును ఎవరూ తిప్పలేదు. ఇక్కడ ఫోన్‌లో టైమ్ దానంతటదే మారిపోయింది కాబట్టి నేను గమనించనే లేదు. అమ్మ రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తుంది. నాకది సాయంత్రం ఆరు, రైల్లో ఉండే సమయం. అంతకుముందు వారం రోజులుగా ఆ ఫోన్ ఐదింటికే, నేనింకా ఆఫీసులో ఉండగానే వస్తోంది. అమ్మ ఒక గంట ముందే పడుకుంటోందేమో, ఒంట్లో బాగోలేదేమో అని కంగారుపడ్డాను కూడా. మూడున్నర గంటల తేడా నాలుగున్నర అయిందని బోర్డు ముందు నిలబడి ఉండగా తెలిసింది.

మా మెంటర్ నన్ను తిట్టలేదు. ఆయన కొత్తలో చేసిన ఇలాంటి తప్పు ఒకటి చెప్పారు. మార్చి చివరి ఆదివారం 23 గంటలే ఉంటాయని, ఆ రోజు 92 రీడింగులే రావాలని, సమయాన్ని లోపల ఎప్పుడూ యూటీసీలోనే, అంటే ప్రపంచమంతా ఒకటే అయిన, ముందుకూ వెనక్కీ తిప్పని సమయంలోనే దాచాలని ఇరవై నిమిషాలు ఓపిగ్గా వివరించారు. చివర్లో మాత్రం ఒకటి అడిగారు. "వంద కనిపించినప్పుడు నిన్ననే నన్నెందుకు అడగలేదు?"

ఆయన కుర్చీ నా కుర్చీకి రెండడుగుల దూరంలో ఉంటుంది. జవాబు నా దగ్గర లేదు.

డౌట్స్ ఉన్నాయా?

జవాబు తర్వాత రైల్లో దొరికింది. లైప్‌జిగ్ నుంచి కెమ్నిట్స్‌కి రైల్లో గంట. బాడ్ లౌసిక్, గైట్‌హైన్, బుర్గ్‌ష్టెట్ దాటి వెళ్తుంది. చలికాలం ఐదింటికే చీకటి, కిటికీలో మన ముఖం తప్ప ఏమీ కనిపించదు. ఆ చీకట్లో కూర్చుని, నేను ఆఖరిసారి ఒక క్లాసులో చెయ్యెత్తి "నాకు అర్థం కాలేదు" అన్నది ఎప్పుడా అని వెతుక్కుంటూ పోతే ఆరో తరగతి దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ రోజు మాస్టారు ఏమన్నారో ఇక్కడ రాయను. క్లాసంతా నవ్వింది.

ఆ తర్వాత ఇంటర్, బీటెక్ అంతా ఒకటే పద్ధతి. పాఠం అయ్యాక "డౌట్స్ ఉన్నాయా?" అంటారు. అరవైమందిమి నిశ్శబ్దంగా ఉంటాం. ఆ నిశ్శబ్దానికి అర్థం అందరికీ వచ్చేసిందని కాదని మాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. ల్యాబ్ రికార్డు పక్కవాళ్లది చూసి రాస్తాం. అవుట్‌పుట్ రాకపోయినా వచ్చినట్టు రాస్తాం. ఫైనలియర్ ప్రాజెక్ట్ మైత్రీవనం దగ్గర కొనుక్కొచ్చిన బ్యాచ్‌లు మా ముందూ ఉన్నాయి, మా తర్వాతా ఉన్నాయి. తెలియకపోవడం దాచిపెట్టాల్సిన విషయమని ఎవరూ నోటితో చెప్పకుండానే మాకు పదేళ్లపాటు నేర్పారు. రెజ్యూమెలో రెండేళ్లు పెట్టడం ఎక్కడి నుంచో ఊడిపడిన అలవాటు కాదని నాకనిపిస్తుంది. రాని అవుట్‌పుట్‌ను రికార్డులో రాసిన చెయ్యే ఇదీ రాస్తుంది. అందుకే మా జూనియర్ మీద నాకు కోపం రాలేదు.

మర్నాటి నుంచి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఆ రోజు ఆఫీసులో నోటిదాకా వచ్చి మింగేసిన ప్రశ్నలన్నీ రైల్లో అందులో రాసేదాన్ని. మొదటి రోజు పదకొండు వచ్చాయి. "ఈ సర్వీస్ ఎందుకు రెండుచోట్ల నడుస్తోంది?" దగ్గర్నుంచి "మీటింగ్‌లో అందరూ నవ్విన ఆ జర్మన్ మాటేంటి?" దాకా. పొద్దున వెళ్లగానే వాటిలో రెండో మూడో అడగాలని నియమం. డిసెంబర్‌కి ఐదారుకు తగ్గాయి. ఫిబ్రవరిలో కొన్ని రోజులు ఆ పేజీ ఖాళీగానే ఉంది.

ఇందులో మా మెంటర్ నేర్పిన ఒక మాట సాయం చేసింది. నాకొచ్చిన కొద్దిపాటి జర్మన్‌లో నేను "ఇష్ వైస్ నిష్ట్", అంటే "నాకు తెలియదు", అని తల దించుకుని అనేదాన్ని. ఆయన ఒకరోజు దాన్ని దిద్దారు. "దస్ వైస్ ఇష్ నోఖ్ నిష్ట్" అనమన్నారు. నోఖ్ అంటే ఇంకా. అది నాకు ఇంకా తెలియదు. వ్యాకరణం ప్రకారం రెండూ సరైన వాక్యాలే. కానీ రెండోది అంటున్నప్పుడు తల దించుకోవాల్సిన అవసరం లేదని నా మెడకే తెలిసింది.

మూడేళ్లు పెట్టిన స్నేహితుడు

అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం వద్దన్నాడు. కెమ్నిట్స్‌లో మొదటి ఏడాది నలుగురం కలిసి ఒక ఇంట్లో ఉండేవాళ్లం. అందులో అతనొకడు. నాకంటే ఏడాది ముందు వచ్చాడు. రెజ్యూమెలో జావాలో మూడేళ్ల అనుభవం పెట్టాడు. వర్క్‌స్టూడెంట్ ఉద్యోగం వచ్చింది. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలు చేసుకునే ఉద్యోగం, మనవాళ్లలో చాలామందికి ఇల్లు గడిచేది దానిమీదే.

రెండో వారంలో అతనికి ఒక పని ఇచ్చారు. తలా తోకా అర్థం కాలేదు. అడుగుదామంటే మూడేళ్ల అనుభవం అడ్డొచ్చింది. పక్క సీటులో బ్యాచిలర్స్ చదివే జర్మన్ కుర్రాడు ఒకడు ఉండేవాడట. ఆ కుర్రాడు తన సందేహాలన్నీ మా స్నేహితుడిని అడిగేవాడు, సీనియర్ కదా అని. జవాబు తెలియక "తర్వాత చెబుతాను" అని బాత్రూంలోకి వెళ్లి ఫోన్‌లో వెతికి వచ్చి చెప్పేవాడు.

నెల తిరిగేసరికి జాబ్ సపోర్ట్ పెట్టుకున్నాడు. ఈ మాట తెలియని తెలుగు విద్యార్థి విదేశాల్లో అరుదు. హైదరాబాద్‌లో ఒకాయన నెలకు 30,000 రూపాయలు తీసుకుని రోజూ రెండు గంటలు స్క్రీన్ చూస్తూ పని చేసిపెట్టేవాడు. అది మా స్నేహితుడి జీతంలో దాదాపు మూడో వంతు. ఆఫీసుకు వెళ్తే స్క్రీన్ చూపించడం కుదరదు కాబట్టి వీలైనన్ని రోజులు ఇంటి నుంచే పనిచేసేవాడు. మేం వంటింట్లో ఉంటే తలుపు వేసిన గదిలోంచి "అన్నా, ఈ ఎర్రర్ చూడన్నా" అని వినిపించేది. కంపెనీ కోడ్, కస్టమర్ల డేటా ఎక్కడో ఒక తెలియని మనిషి కంప్యూటర్‌లో కనిపిస్తోందని, తను సంతకం పెట్టిన కాంట్రాక్ట్ ప్రకారం అది ఎంత పెద్ద తప్పో అతనికి బాగా తెలుసు. పోస్టువాళ్లు బెల్ కొట్టినా ఉలిక్కిపడేవాడు.

ఇంతవరకే రాసి ఆపితే నా వాదనకు సుఖంగా ఉంటుంది. కానీ తర్వాత జరిగింది కూడా రాయాలి. ఆ జాబ్ సపోర్ట్ ఆయన దగ్గరే మా స్నేహితుడు నిజంగా పని నేర్చుకున్నాడు. ఎనిమిది నెలల తర్వాత సపోర్ట్ మానేశాడు. ఇప్పుడు వేరే ఊళ్లో పర్మనెంట్ ఉద్యోగం, మంచి ఇంజనీర్. ఎవరూ పట్టుకోలేదు.

ఇది రాసేముందు అతనికి ఫోన్ చేసి అడిగాను, మా జూనియర్‌కి ఏం చెప్పమంటావని. చాలాసేపు మాట్లాడలేదు. "ఆ మూడేళ్లు పెట్టకపోతే నాకు పిలుపే వచ్చేది కాదేమో. ఆ మాట కాదనలేను" అన్నాడు. తర్వాత ఇంకో సంగతి చెప్పాడు. ఆ కంపెనీలో ఆఖరి రోజు టీమ్ అంతా సంతకాలు పెట్టి ఒక కార్డు ఇచ్చారట. ఇంటికొచ్చి చూసుకుంటే అందులో సగం పేర్లు ఎవరివో అతనికి తెలియలేదు. పద్నాలుగు నెలల్లో వాళ్లతో కలిసి భోజనానికి వెళ్లింది నాలుగైదుసార్లు. "తింటూ ఉంటే పాత కంపెనీ గురించి అడుగుతారు కదా" అన్నాడు. ఆ కార్డు ఇంకా దాచుకున్నాడు.

అడిగింది తప్పు గురించి

నేనేదో కడిగిన ముత్యంలా మాట్లాడుతున్నానని అనుకోవద్దు. నా రెజ్యూమెలోనూ ఒకటి ఉండేది. బీటెక్ మూడో ఏడాది వేసవిలో మా క్లాసులో అందరం తలా 1,500 రూపాయలు కట్టి రెండు నెలల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాం. కొన్ని వీడియోలు, చివర్లో ఇరవై ప్రశ్నల క్విజ్. కాలేజీలో క్రెడిట్లకు అది సరిపోయింది. ఆ రెండు నెలలనూ నేను రెజ్యూమెలో "వెబ్ డెవలపర్ ఇంటర్న్" అని రాసుకున్నాను. అందరూ రాసుకున్నారు. అది అబద్ధమని అప్పట్లో నాకు తట్టలేదు.

2024 వేసవిలో నాకొచ్చిన మొదటి ఇంటర్వ్యూలో ఆ లైన్ మీదే ప్రశ్న పడింది. టెక్నాలజీ గురించి అడుగుతారని రాత్రంతా చదివాను. వాళ్లు అడిగింది వేరు. "ఆ రెండు నెలల్లో నువ్వు చేసిన ఒక తప్పు చెప్పు. అది తప్పని ఎలా కనుక్కున్నావు?"

నా దగ్గర తప్పే లేదు. పని చేస్తే కదా తప్పు ఉండటానికి. ఇప్పుడైతే నన్ను నిద్రలో లేపి అడిగినా ఆ వంద రీడింగుల సంగతి తేదీతో సహా చెబుతాను. నిజంగా పనిచేసిన ఎవరిని కదిపినా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. పేస్లిప్పులు తయారుచేసి ఇచ్చేవాళ్లు దీన్ని తయారుచేసి ఇవ్వలేరు. ఆ రోజు అర నిమిషం మౌనంగా ఉండి, అది సర్టిఫికెట్ కోసం చేసిందేనని ఒప్పేసుకున్నాను. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. మూడు రోజులకు మెయిల్ వచ్చింది. ఇక్కడి విద్యార్థులకు జర్మన్ రాకపోయినా "లైడర్" అనే మాట తెలుసు. "దురదృష్టవశాత్తూ" అని అర్థం. మెయిల్ తెరవగానే కళ్లు ముందు ఆ మాట కోసమే వెతుకుతాయి. రెండో వాక్యంలోనే ఉంది.

అబద్ధం రాసినందుకు వద్దన్నారో, నిజం చెప్పినందుకు వద్దన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ లైన్ తీసేశాక 47 చోట్లకు పంపాను. మూడు పిలుపులు వచ్చాయి. మూడోది లైప్‌జిగ్.

మరి అప్పు సంగతి?

ఇక్కడ మా జూనియర్ మాట వినాలి. వాడు వచ్చేటప్పుడు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే వీసా కోసం ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేసి చూపించే ఖాతాలో, 11,904 యూరోలు వేశారు, నెలకు 992 తీసుకోవచ్చు. ఏడాదితో ఆ డబ్బు అయిపోతుంది. బ్యాంకు లోనుకి ఇల్లు పెట్టారు. వాళ్ల నాన్నగారు నెలనెలా అడగరు, అడగకపోవడమే వాడికి ఎక్కువ టెన్షన్. ఇవన్నీ మోస్తున్నవాడికి నేను కుర్చీలో కూర్చుని "తెలియదు అనగలగడం ఎంత గొప్పదో" అని చెబితే చెవికెక్కుతుందా? నాకూ అనుమానమే. ఆ 47 అప్లికేషన్ల మధ్య నెలల్లో ఎవరైనా నన్ను గట్టిగా నెట్టి ఉంటే నేనేం చేసి ఉండేదాన్నో ప్రమాణం చేసి చెప్పలేను.

కంపెనీల తప్పూ ఉంది. ఇంటర్న్‌షిప్ ప్రకటనలో "సంబంధిత రంగంలో అనుభవం" అని రాసేవాళ్లను ఏమనాలి? అనుభవం కోసమే కదా పిల్లలు వస్తున్నది. దానికితోడు, కోర్సులో తప్పనిసరి అయిన ఇంటర్న్‌షిప్‌కి జర్మనీలో కనీస వేతన చట్టం వర్తించదు. సొంతంగా చేసే ఇంటర్న్‌షిప్‌ అయితే మూడు నెలలు దాటితేనే వర్తిస్తుంది. కొందరు దీన్ని చూసుకునే ఇంటర్న్‌లను తీసుకుంటారు. తక్కువ జీతానికి అన్నీ వచ్చినవాడు కావాలనే కోరిక ఒకవైపు నుంచి లాగితే, అన్నీ వచ్చినట్టు చూపించుకోవాలనే భయం ఇంకోవైపు నుంచి తోస్తుంది. పాపం మొత్తం కుర్రాళ్ల నెత్తినే వేయడం అన్యాయం.

ఇంకో మాట. నిజం రాసినంత మాత్రాన మంచి మెంటర్ దొరుకుతారని కూడా లేదు. మా ఆఫీసులోనే వేరే టీమ్‌లో ఇంకో ఇంటర్న్ ఉండేది. నిజాయితీగా వచ్చిన అమ్మాయే. ఆమెకు రెండు నెలలు ఒక ఎక్సెల్ నుంచి ఇంకో ఎక్సెల్‌కి అంకెలు మార్చే పని తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆమె "తెలియదు" అంటే వినడానికి ఎవరికీ తీరిక లేదు. వినే మనిషి లేకపోతే ఆ వెసులుబాటు ఉన్నా లేనట్టే. అందుకే ఇప్పుడు ఎవరడిగినా చెబుతున్నాను: ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా" అన్నప్పుడు జీతం తర్వాత, "నా కోడ్ ఎవరు చూస్తారు? వారానికి నాకోసం ఎంత సమయం ఇవ్వగలరు?" అని అడగండి. నీళ్లు నమిలితే అర్థం చేసుకోండి.

ఇది విదేశంలో మాత్రమే దొరుకుతుందా అంటే కాదు. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఇలాంటి మెంటర్ల దగ్గర చేసిన స్నేహితులు నాకున్నారు. ఒక తేడా మాత్రం చూశాను. పరాయి దేశంలో ఎటూ రోజుకు పదిసార్లు తెలియదని ఒప్పుకోవాల్సిందే. ఖాళీ ప్లాస్టిక్ సీసా వెనక్కిస్తే 25 సెంట్లు ఇస్తారని తెలియదు. ఏ చెత్త ఏ డబ్బాలో వేయాలో తెలియదు. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అడ్రస్ నమోదు చేయించుకోవాలని తెలియదు. బయటంతా ఇలా అడుగుతూ బతుకుతూ, ఆఫీసు తలుపు దాటగానే అన్నీ తెలిసినట్టు మారిపోవాలంటే ఎంత బరువో మా స్నేహితుడిని చూశాను.

దొరికిపోవడం గురించి కూడా ఒక్క మాట చెప్పేస్తాను, చాలామంది అడిగేది అదే కాబట్టి. ఇక్కడ ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ రాతపూర్వకంగా ఒక పత్రం ఇస్తుంది, ఆర్బైట్స్‌త్సోయ్గ్నిస్ అంటారు. చదవడానికి పొగడ్తలా ఉంటుంది, లోపల ఒక భాష ఉంటుంది. "ఎల్లప్పుడూ మా సంపూర్ణ తృప్తికి" అని ఉంటే చాలా బాగా చేసినట్టు. ఆ "ఎల్లప్పుడూ" లేకపోతే ఒక మెట్టు దిగినట్టు. "ప్రయత్నించారు" అని ఉంటే పని చేతకాలేదని. వీటిని చదివి చదివి అలవాటైన వాళ్ల ముందు మన రిలీవింగ్ లెటర్ పెడతాం. కొందరు నమ్ముతారు, కొందరు ఇంకేదైనా కావాలంటారు. అంతకుమించి భయపెట్టను. భయంతో మానేసినవాడు భయం తగ్గగానే మళ్లీ పెడతాడు.

92

నా ఇంటర్న్‌షిప్ ఆఖరి రోజు 2025 మార్చి 31, సోమవారం. ముందు రోజు ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరిగాయి. పొద్దున ఆఫీసుకు వెళ్లగానే కోటు కూడా తీయకుండా ఆదివారం రిపోర్ట్ తెరిచాను. ప్రతి మీటర్‌కీ 92. రెండింటి గంట లేదు, 1:45 తర్వాత నేరుగా 3:00. తప్పిపోయినవి సున్నా అని నా ప్రోగ్రామ్ సరిగ్గా చెప్పింది. మెంటర్ వెనక నిలబడి చూసి, "అమ్మ ఫోన్ మళ్లీ ఆరింటికా?" అని అడిగారు. ఆ సంగతి ఎప్పుడో నవంబర్‌లో ఒకసారి చెప్పాను. గుర్తుపెట్టుకున్నారు.

నిన్న రాత్రి జూనియర్‌కి నేనే ఫోన్ చేశాను. ఇదంతా ఇంచుమించు ఇలాగే చెప్పాను, స్నేహితుడి సంగతితో సహా. వాడు రెండేళ్లు ఇంకా పెట్టలేదట. పెట్టనని కూడా అనలేదు. మా మాటల్లో వాడు బీటెక్‌లో హాస్టల్ కుర్రాళ్ల కోసం కాలేజీ బస్సు టైమింగులు చెప్పే ఒక టెలిగ్రామ్ బాట్ రాశాడని తెలిసింది. రెండు వందలమంది వాడేవాళ్లట. ఒక సెలవు రోజు తప్పు టైమ్ చెప్పి నలభైమందిని రోడ్డు మీద నిలబెట్టిందట. అది రెజ్యూమెలో ఎక్కడా లేదు. "అదేం ప్రాజెక్ట్ అక్కా, సరిగ్గా పనిచేయలేదు కూడా" అన్నాడు. ఎందుకు తప్పు చెప్పిందిరా అంటే, క్యాలెండర్ తెచ్చుకునే చోట ఏం జరిగిందో పది నిమిషాలు ఆగకుండా చెప్పాడు. రాయమన్నాను.

పెట్టేసేముందు అడిగాడు, "ఇంటర్వ్యూలో తెలియనిది అడిగితే ఏమనాలి అక్కా?" వాడికి ఇంకా జర్మన్‌లో రెండో మెట్టు, ఏ2 కూడా పూర్తి కాలేదు. నెమ్మదిగా చెప్పాను. దస్ వైస్ ఇష్ నోఖ్ నిష్ట్. వాడు "నోక్" అన్నాడు. నోక్ కాదురా, గొంతులోంచి రావాలి, నోఖ్. మళ్లీ అన్నాడు. నాలుగోసారికి వచ్చింది.